ఒక్క మీటరు, పన్నెండు ఇళ్ళు

“వైర్లు తియ్యమంటున్న కాకా. ఇల్లు కూలగొట్టమంటలే.”

“ఇల్లు కూలగొట్టమన్నా బాగుండు. మళ్ళ కట్టుకుంటం. కూసో దేవుసింగూ, జావ తాగు.”

బూర్గంపాడుకు ఆరు మైళ్ళ లోపల, అడవికీ ఊరికీ నడుమ పన్నెండు ఇళ్ళ కోయగూడెం అది. పెద్దమనిషి బొజ్జయ్య. అతని వాకిట్లో నులకమంచం అంచున కూర్చున్నట్టూ, కూర్చోనట్టూ ఉన్నవాడు లైన్‌మెన్ దేవ్‌సింగ్. అతని లంబాడా తండా మొత్తానికి మొదటి సర్కారు నౌకరీ అతనిది. దాని వయసు నాలుగేళ్ళు. ఆయుష్షు మాత్రం ఇవాళ మధ్యాహ్నం దాకానేనని కరెంటాఫీసు ఏఈ సారు పొద్దున్నే చెప్పి పంపాడు. ఖమ్మం నుంచి దొంగ కరెంటు పట్టే స్క్వాడు జీపు బయలుదేరింది. గూడెంలో మీటరున్నది బొజ్జయ్య ఇంటికొక్కదానికే. పొద్దుగూకితే బల్బులు, వాళ్ళ మాటలో బుగ్గలు, వెలిగేది పన్నెండిళ్ళలోనూ. జీపు వచ్చేలోగా ఆ పదకొండు తీగలూ దిగాలి. అవి కార్తీక మాసపు రోజులు; సంవత్సరం ఎనభై తొమ్మిది.

“జావ తర్వాత తాగుత. ఈపాటికి స్క్వాడోళ్ళు కొత్తగూడెం దాటి ఉంటరు.”

“దాటనియ్యి. మా వాగు దాటాలె గద. మొన్నటి వానకు కల్వర్టు కొట్టుకపాయె. జీపు ఆ ఒడ్డున ఆపి, పాంటు మడిచి, బూట్లు చేతుల పట్టుకొని నడవాలె. గట్ల నడిచిన సారుకు సగం కోపం వాగులనే పోతది.”

“నవ్వులాట కాదు కాకా. నీ మీద దొంగ కరెంటు కేసు, నా మీద సస్పెన్షను. మా నాయన పూల్‌సింగు నీకెర్కే గద. నా ఖాకీ చొక్కా తండాల ఎవ్వర్ని ఉతకనియ్యడు, గుంజితే బొత్తాలు పోతయని. ఈ నౌకరీ చూసే నాకు పిల్లనిచ్చిండ్రు.”

“పిల్ల మంచిదేనా?”

“మంచిదే.”

“మరి నౌకరీ పోతే పిల్ల పోతదా? పోతే మంచిది కాదన్నట్టు.”

“కాకా!”

“దొంగ కరెంటంటవేంది మరి? దొంగతనమంటే దాచాలె. పొద్దుగూకితే మా గూడెం వాగవతల దాక కనబడుతది. గింత బాజాప్తాగ దొంగతనం చేసినోన్ని ఎక్కడన్న చూసినవా?”

“సర్కారు లెక్కల ఇది దొంగతనమే. బీదోళ్ళకిచ్చే ఒక్క బుగ్గ స్కీముల నీ ఒక్కనికే వచ్చింది. నీ జాగకు పట్టా ఉంది, ఇంటికి నంబరుంది. ఆ పదకొండిండ్లు ఫారెస్టోళ్ళ జాగల ఉన్నయి. వాళ్ళకు కరెంటిచ్చే అధికారం నాకు లేదు, ఏఈకి లేదు.”

“నాకుంది గద. నేనిచ్చిన.”

“గదే కదా తిప్పలు. ఒక్క పని చెయ్యి. లోపటికి పోయి, మీటరు కాడ ఆ పదకొండు వైర్లు ఊడపీకు. బయటివి నేను చుట్టుకొని పోత.”

“నీ చేతుల ప్లాసు లేదా? నువ్వే పీకు.”

“లోపటికి రానిస్తవా?”

“ఎట్ల రానిస్త? పోయిన పెద్దల కుండ ఉన్న అర్రల పరాయోడు కాలు పెట్టరాదు.”

“ఆ అర్రలనే మీటరు పెట్టుమని నేను చెప్పిన్నా? వసారల పెట్టుకో కాకా అంటే విన్నవా?”

“నిప్పు పెద్దల ముంగటుండాలె. వసారల పెడితే కుక్కలు చదువుకుంటయా?”

“నేను గడప ఇవతల నిలబడి, ఎర్రది పైకి నల్లది కిందికి అని అరుస్తుంటే మీ తోడల్లుడు జంపయ్య లోపట బిగించిండు. మా డిపార్ట్‌మెంటుల ఎవడన్న వింటే కడుపు చేత పట్టుకొని నవ్వుతడు.”

“జంపయ్య ఎర్రదే కిందికి పెట్టిండు. అయినా వెలిగింది. నీ మీటరు తిప్పలు వానివి కావు, నావి. దానికోసం నడిమి గుంజ చెక్కుతుంటే బాడిస జారి బొటనవేలు అడ్డంగ తెగింది. నెల దినాలు చేతితోటి తినలే. మా ఆమె కలిపి పెట్టింది.”

“నీ ఇంటామె, మా కాకి ఉన్నప్పుడైతే…”

“ఆమె మాట ఎత్తకు. జావ సల్లారుతుంది.”

“సరే. ఎత్త. మరి బయటి వైర్లన్న నన్ను ముట్టుకోనియ్యమని చెప్పు వాళ్ళకు. మొన్న చెయ్యి పెడితే పక్కింటి చిన్నక్క రోకలెత్తింది. లంబాడోడు వచ్చి మా దీపం ఆర్పుతడా అన్నది.”

“అన్నది. రోకలి దించినంక మంచినీళ్ళు గూడ ఇచ్చింది గద.”

“నువ్వు తియ్యమంటే అందరూ తీస్తరు. నీ మాట ఎవ్వరూ దాటరు.”

“దాటరు. అందుకే అన.”

“ఎందుకనవు?”

“మా తాత సంగతి చెప్పిన్నా నీకు?”

“ఇప్పుడు తాతెందుకు కాకా, అవతల జీపు…”

“జీపుకు వాగుంది. విను. ముసురు పట్టిన దినాల పక్కింటోడు మూకుడు పట్టుకొని నిప్పుకోసం వచ్చిండు. మా తాతకూ ఆయనకూ తునికాకు కాడ పంచాయితి. పొయ్యి నిండ నిప్పులు పెట్టుకొని, లేదు పో అన్నడు మా తాత. తెల్లారి నాయనమ్మ జావ కుండ పొయ్యి మీద పెట్టింది. మంట భగ్గుభగ్గున మండుతుంది. కుండల చెయ్యి పెడితే చల్లగ. పగటాల్ల చూసినా చల్లగ. పొద్దుగూకినంక మూత తీస్తే కప్ప ఈదుతుంది.”

“కప్పనా? పొయ్యి మీది కుండల?”

“కప్పనే. హాయిగ. మూడు నెలలు పచ్చి గింజలు నమిలిండు మా తాత. పండ్లన్నీ అరిగినయి. ఆఖర్కి పక్కింటోని కాళ్ళు పట్టుకొని, ఆయన పొయ్యిల నిప్పు తెచ్చుకుంటే గాని కుండ ఉడకలే.”

“ఇది నిజమేనా?”

“మా తాతకు పండ్లు లేకపోవుడు నేను కండ్లతోటి చూసిన. మిగతాది ఆయన చెప్పిందే.”

“అది నిప్పు కాకా. ఇది కరెంటు.”

“ముట్టుకుంటే కాలుతదని నువ్వే చెప్తివి. కాలేది, వెలిగేది నిప్పు గాక నీళ్ళా? నా ఇంట్ల బుగ్గ వెలిగిన మొదటి దినమే జంపయ్య వచ్చి, అన్నా నాకొక తీగ అన్నడు. తెల్లారి ఇంకొకడు. నిప్పు అడిగినోనికి లేదనరాదు. ఇచ్చి పైస తీసుకోరాదు. ఇచ్చినంక వెనక్కి అడగరాదు. అట్ల అడిగినోడు, లేదన్నోని కంటె పాడు.”

“కప్ప ఈదుతదా?”

“మొసలి ఈదుతది.”

“నవ్వొస్తలేదు కాకా నాకు. ఇంతకు వాళ్ళ ఏడుపు దీపం కోసమనుకుంటున్నవా నువ్వు? నూనె కోసం.”

“నూనె సంగతి ఎందుకిప్పుడు.”

“ఎందుకేంది? అసలు సంగతే అది. వాళ్ళ పదకొండు రేషను కార్డుల మీద కరెంటు లేదని ఉంది. కరెంటు లేని కార్డుకు డిపోల నెలకు ఐదు లీటర్ల గాసునూనె, అదే కిరసనాయిలు. కరెంటున్న కార్డుకు ఒక్కటే లీటరు. గూడెం మొత్తంల ముద్ర పడ్డది నీ ఒక్కని కార్డు మీదనే.”

“పడ్డది. గుండ్రంగ, నీలంగ. ఆ ముద్ర కొట్టినాయన, శబాష్ బొజ్జయ్యా, కరెంటోనివైతివి అన్నడు. ఒక శబాషు, ఒక లీటరు ఇచ్చి పంపిండు.”

“దీపం నీ మీటరుది. మిగిలిన నూనె వాళ్ళది. ఆ నూనె ఎటు పోతుందో నీకెర్క లేదా? పెనుబల్లి నుంచి వచ్చి వాగొడ్డున మిర్చికి కౌలు పట్టిండు చూడు, వెంకటరామారావు. ఆయన నీళ్ళ ఇంజన్లకు పోతుంది. డీజిలు బంకు కొత్తగూడెం తొవ్వల ఉంది, నూనె మీ గడపల ఉంది. ఆయన ఎటు వస్తడు?”

“మిర్చి మంచిగ కాసిందట.”

“మొదట్ల ఇద్దరు ముగ్గురే అమ్మిండ్రు, ఎంతిస్తే అంతకు. ఇప్పుడు? సంతల ఇప్పపూలకు చెప్పినట్టు ధర చెప్తున్నరు. వాన పడితే ఒక ధర, మిర్చి వాడుబడితే ఒక ధర. నెల ముందే బయానా పట్టి, నూనె డబ్బా ఇంజనోని పేర కట్టిపెడుతున్నరు.”

“ఇన్ని సంగతులు నీకెట్ల ఎర్క?”

“మా అమ్మ గూడ అమ్ముతది కాకా. మా తండాల మీకంటె ముందు మొదలైంది. నీకు చెప్తున్న గాని, నాకు మాట్లాడే మొఖం లేదు.”

“మీ అమ్మ నూనె అమ్మితే మీ ఇంట్ల దీపమేంది?”

“నేను లైన్‌మెన్ను గద.”

“అవ్. మర్చిపోయిన.”

“ఇప్పుడు వైర్లు తీస్తే ఎవని నూనె వాడు కాల్చుకోవాలె. ఇంజనోనికి ఏం పోస్తరు? అందుకే రోకలెత్తుతున్నరు. వాళ్ళకోసమా నువ్వు జైలుకు పోయేది?”

“జైల్ల కరెంటుందా?”

“ఉంటది.”

“మీటరు ఎవరి పేర?”

“నిన్ను చూస్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు. అసలు ఇదంత ఆ అర్జీ రాసినోడు చేసిండు. వాడు దొరకాలె నాకు.”

“అర్జీనా? ఎవరిచ్చిండ్రట?”

“పేరు లేదు. బూర్గంపాడు మండలాఫీసు ముంగట అర్జీలు రాసే ఆయన చేతి రాత. రాయించినోడు ఎవడో చెప్పుమంటే, సంతనాడు వందమందికి రాస్త, ఎవడని గుర్తు పెట్టుకోవాలె అన్నడు. ఏఈ సారు నాకొక నకలు ఇచ్చిండు. ఇగో. చదవాల్నా?”

“చదువు. నాకు రాదు గద.”

“మీటరు కాడి నుంచి ఏ తీగ ఏ చూరు మీదుగ ఏ ఇంటికి పోతదో, పదకొండు పేర్లు వరుస తప్పకుండ ఉన్నయి. మొదటి ఇల్లు చిన్నక్కది.”

“మొదటిదే.”

“నా పేరు గూడ ఉంది. తీగ కట్టినందుకు ఇంటికొక కోడి పట్టుకపోయిండని. పది కోళ్ళు, ఒక పుంజు అని రాసిండ్రు కాకా. పుంజు సంగతి బయటోనికి ఎట్ల తెలుస్తది?”

“పుంజు కూస్తది గద, ఊరందరికి తెలుస్తది. కోళ్ళ పాపమే నీకు తగిలింది. అవి ఉత్త కోళ్ళా? బుగ్గ కింద పండుకొని, తెల్లారిందనుకొని రెండో గుడ్డు పెట్టేటియి. కరెంటు పోయిన నాడు పెట్టిన గుడ్డును గూడ మళ్ళ మింగేటియి.”

“నువ్వు ఆపు. నా అనుమానం చందూలాల్ మీద. సంతల జనరేటరు పెట్టి, బుగ్గకింత అని కిరాయికిస్తడు చూడు. పోయినేడు మీ గూడానికి గూడ తీగ గుంజుత, పొద్దుగూకినంక రెండు గంటలు వెలుగిస్త అని బేరానికి వచ్చె గద. నువ్వు ఫుకట్ల ఇస్తుంటే వాని బేరం పడిపాయె.”

“చందూలాల్‌కు మా ఇండ్ల వరుస ఎట్ల తెలుస్తది?”

“మరి వెంకటరామారావా?”

“ఆయన ఎందుకు రాస్తడు? తీగలు పోతే ఆయన ఇంజన్లే ఎండుతయి.”

“డిపో ఆయన?”

“ఆయనకేం పోయింది. ఇచ్చిన నూనె ఇస్తుండు.”

“నువ్వు అందరిని కాపాడుకుంటనే వస్తున్నవు. మరి ఎవడు?”

“అర్జీకి సంతకం లేదా?”

“లేదు. అడుగున వేలిముద్ర ఉంది. ఆ రాసినాయనకు గుర్తున్నది ఇదొక్కటే: రాయించినోడు పేరు రాయొద్దన్నడంట గాని, ముద్ర లేకుంటే మాట చెల్లదన్నడంట. అట్లాంటి తిక్కలోడు ఎవడో!”

“తిక్కలోడే.”

తలమీద అయిదు లీటర్ల డబ్బాతో, పక్క ఇంటి చిన్నక్క వాకిట్లోకి వచ్చింది. జంపయ్య భార్య ఆమె; బొజ్జయ్య భార్య జంపక్కకు సొంత చెల్లెలు. జంపక్క పోయి మూడు నెలలు.

“ఏం బావా, లంబాడాయన మళ్ళ వచ్చిండు?”

“వైర్ల కోసం వచ్చిన చిన్నక్కా. జీపొస్తుంది. మీ ఇంటిదన్న తియ్యి. నీ కాళ్ళు మొక్కుత.”

“నా కాళ్ళెందుకు మొక్కుతవు? ఇది బావ ఇచ్చిన నిప్పు. ఒద్దు అని బావ అంటే ఇప్పుడే కొడవలి పెట్టి తెంపుత. అను బావా.”

“నేననరాదు చిన్నక్కా.”

“ఇన్నవా? బావ అనడు. బావ అనకుంటే నేను తియ్య.”

“అనడని తెలిసే అడుగుతున్నవు చిన్నక్కా నువ్వు.”

“తెలిస్తే తప్పా? మా ఆచారం మాకు తెలుసు.”

“తలమీద ఏంది చిన్నక్కా?”

“ఏముంటది బావా. నూనె.”

“ఎటు?”

“ఎటేంది. ఇంజను కాడికి. ఇయ్యాల పోయకపోతే మిర్చి ఎండుతదని మనిషిని పంపిండు.”

“అదే డబ్బానా?”

“ఏ డబ్బా?”

“శ్రావణంల నీ ఇంట్ల ఉన్న డబ్బా.”

“బావా, ఎన్నిసార్లు అంటవు అదే మాట.”

“ఒక్కసారన్న అన్ననా? మూడు నెలలాయె. ఇయ్యాలనే అడుగుతున్న. లైన్‌మెన్ సాబు గూడ ఉన్నడు, ఇంటడు.”

“ఏం జరిగింది కాకా శ్రావణంల? కాకి పాము కరిసి పోయిందన్నరు. అంతే తెలుసు నాకు.”

“అంతే. పామే. గాలివానకు వైర్లు తెగి ఎనిమిది దినాలాయె కరెంటు లేక. పొద్దుగూకే యాల్ల. పొయ్యి ముంగట కట్టెలు సదురుతుంటే ఏదో కొరికిందన్నది. కట్టెలన్నీ తడిసి పొగ తప్ప మంట లేదు. అగ్గిపెట్టె మెత్తబడ్డది. పుల్ల గీస్తే తల ఊడుతుంది. నా ముద్ర కార్డు మీది లీటరు అంతకు వారం ముందే ఐపాయె. ఖాళీ దీపం పట్టుకొని నేను ఇల్లిల్లు తిరిగిన. పదకొండిండ్లు. నూనె లేదు మామా, ఇంజనుకు పోసినం. నూనె లేదు అన్నా, మొన్ననే పోసినం. పది ఇండ్లు అట్లనే. చీకట్ల కూసున్నరు వాళ్ళు గూడ. పాపం అబద్ధం చెప్పలే. మిగిలిన ఒక్క ఇంట్ల నూనె ఉండె.”

“బయానా తీసుకున్న నూనె బావా అది. మూత మీద గుడ్డ కట్టి పెట్టిన. తెల్లారి వాళ్ళొచ్చి కొలుచుకుంటే ఏం చెప్పాలె?”

“ఏమన్నవో అది చెప్పు. లైన్‌మెన్ సాబు ఇంటడు.”

“నిప్పు అడిగితే ఇయ్యకపోదునా అన్న. నువ్వు నూనె అడిగినవు.”

“అవ్. నిప్పు లేదనరాదు. నూనె లేదనొచ్చు. నూనెకు ధరుంది.”

“అక్కకు గట్లయితదని నాకెర్కనా? ఎలుక కొరికినట్టుంది అన్నది నువ్వే గద.”

“చీకట్ల చేతితోటి తడిమి చూస్తే, కట్లపాము కాటు ఎలుక కాటు లెక్కనే ఉంటది చిన్నక్కా. దీపం పెట్టి చూస్తే ఉండదు. చూస్తే ఎడ్లబండి కట్టేటోన్ని. బూర్గంపాడు మీదుగ భద్రాచలం దవాఖానాకు చేరేటోళ్ళం. ఎలుకేలే, పండుకో అన్న. పండుకుంది.”

“నాకు మాత్రం కడుపుల దుఃఖం లేదా బావా? ఒక్క కడుపుల పుట్టినం. ఆ నూనె పైసలతోటి కొన్న బిందె ఇప్పటికి ముట్టుకోలే.”

“మరి మళ్ళ ఎందుకు పోస్తున్నవు?”

“అందరు పోస్తలేరా? నేనొక్కదాన్ని మానితే అక్క వస్తదా? పోయొస్త. మిర్చి ఎండుతుందట.”

“పో. కాళ్ళు జాగ్రత్త, గడ్డిల పురుగుంటది.”

చిన్నక్క వాగు దారి పట్టింది.

“కాకా. ఎనిమిది దినాలు అన్నవు గద.”

“అన్న.”

“నేను రాలేదు.”

“రాలేదు. మనిషిని పంపిన, రెండుసార్లు.”

“కబురు అందింది. మోటర్ల లైన్లు ముందు, గుడిసెల బుగ్గలు ఎనక అన్నడు సారు. పొలాలోళ్ళు ఆఫీసు మీదికి వచ్చిండ్రు. నేను ఇటు వస్తనంటే…”

“అన్నవా, వస్తనని?”

“అనలే.”

“పోనియ్యి. జావ తాగవైతివి.”

“నాకు చెప్పకపోతివి కాకా. దినాలకు గూడ వచ్చిన గద నేను. నా పక్కన కూసొని కప్పల కథలు చెప్పినవు.”

“నువ్వు నవ్వినవు గద. ఎవరో ఒకరు నవ్వాలె.”

“మరి గింత చేసినోళ్ళ కోసం, నువ్వెందుకు ఆ తీగలు మొయ్యాలె ఇంకా? తియ్యి. మీ పెద్దలు ఏమంటరు? అన్నీ చూసిండ్రు గద ఆ అర్రల నుంచి.”

“చూసిండ్రు. మాట మార్చలే. లేదనరాదు, వెనక్కి అడగరాదు. పొద్దుగూకితే ఆ పదకొండిండ్లల్ల నా బుగ్గ వెలుగుతది. ఆ వెలుగుల కూసొని నూనె డబ్బాలకు గుడ్డలు కడతరు. నేను ఇక్కడ మంచం మీద పండుకొని చూస్త. అన్ని కనబడతయి దేవుసింగూ, కరెంటు మంచిదే.”

“అది… అది జీపు చప్పుడే. వాగు కాడ ఆగింది.”

“పాంటు మడుస్తుండ్రు ఇప్పుడు.”

“ఐపాయె. నా నౌకరీ ఐపాయె. నీది పాయె, నాది పాయె. ఒక్కటన్న చెప్పు కాకా. నీకు తెలియకుండ ఈ గూడెంల ఆకు కదలదు. ఆ అర్జీ ఎవడు పెట్టిండు? వాన్ని నేనేం చెయ్య. ఎవడో తెలిస్తే చాలు, ఎందుకు నాయనా అని అడుగుత.”

“ఆ కాయితం ఇటియ్యి.”

“నీకు చదవ రాదు గద.”

“చదవను. ముద్ర ఎక్కడుంది?”

“ఇగో, అడుగున.”

“ముద్ర నడుమ అడ్డంగ తెల్లగీత ఉందా? తెగి అతికినట్టు?”

“ఉంది… కాకా, నీ చెయ్యి. నీ బొటనవేలు…”

“బాడిస గాటు. నీ మీటరుకు గుంజ చెక్కినప్పటిది. నీ పేరు గూడ నేనే చెప్పిన బిడ్డా, ఆ ఎనిమిది దినాల కోసం. నిప్పు అడిగినోనికి లేదనరాదన్నరు మా పెద్దలు. ఆర్పేటోనికి కబురు పెట్టరాదని ఎవ్వరూ అనలే.”